నవంబరు 1: పటం మారే రోజు

పాఠశాల అట్లాసులు అచ్చువేసేవాళ్లకు నవంబరు 1 అంటే కొంచెం బెరుకు ఉండాలి. స్వాతంత్ర్యం వచ్చాక భారతదేశ పటం ఈ ఒక్క తేదీన నాలుగుసార్లు మారింది: 1954లో, 1956లో, 1966లో, 2000లో. 1973లో గీతలు కదల్లేదు గానీ ఒక పెద్ద రాష్ట్రం పేరే మారిపోయింది. ఆగస్టు 15, జనవరి 26 మాదిరిగా దేశమంతా జెండా ఎగరేసే రోజు కాదిది. అయినా కేరళ, కర్ణాటక, మధ్యప్రదేశ్, హర్యానా, ఛత్తీస్‌గఢ్‌లు అవతరణోత్సవాలు జరుపుకొనేది ఈ రోజే. ఆంధ్రప్రదేశ్ సంగతి కాస్త చిక్కు. అది తర్వాత చూద్దాం.

ఒకే తేదీన జరిగిన ఘటనలను ఏరి వరుసలో పెట్టడం పత్రికలకు పాత అలవాటు. అందులో చాలాభాగం ఒట్టి యాదృచ్ఛికం. 1755 నవంబరు 1న భూకంపం లిస్బన్ నగరాన్ని నేలమట్టం చేసింది. 1952 నవంబరు 1న అమెరికా పసిఫిక్ దీవుల్లో తొలి హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఈ రెంటికీ సంబంధం వెతకడం జ్యోతిష్కుల పని. మన నవంబరు 1 కథ వేరు. ఇందులో కొన్ని యాదృచ్ఛికాలే అయినా, కొన్ని ప్రభుత్వం ఎంచుకున్నవి, ఇంకొన్ని ఒకదాని కడుపులోంచి ఒకటి పుట్టుకొచ్చినవి. (నెల మొదటి తారీఖంటే ప్రభుత్వాలకు మక్కువ కూడా. జీతాల బిల్లులు, ఖజానా లెక్కలు అక్కడినుంచి కొత్తగా మొదలుపెట్టుకోవచ్చు.)

కథ 1858లో మొదలవుతుంది. సిపాయిల తిరుగుబాటును అణచివేశాక ఆ ఏడాది నవంబరు 1న అలహాబాద్ దర్బారులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా మహారాణి ప్రకటన చదివి వినిపించాడు. కంపెనీ పాలన పోయింది, రాణి పాలన వచ్చింది. మతాల జోలికి పోమని, జాతి, మతం చూడకుండా ఉద్యోగాలిస్తామని అందులో చెప్పిన మాటలను తర్వాతి తరం కాంగ్రెస్ నాయకులు బ్రిటిష్‌వారికి పదేపదే గుర్తుచేశారు. కానీ అన్నిటికన్నా ఖచ్చితంగా అమలైన వాగ్దానం ఇంకొకటి: సంస్థానాలను ఇక కలుపుకోం, రాజులతో ఒప్పందాలను గౌరవిస్తాం అన్నది. తిరుగుబాటులో చాలామంది రాజులు కంపెనీవైపు నిలిచినందుకు దక్కిన బహుమతి అది.

ఆ ఒక్క వాక్యం ఉపఖండం పటాన్ని తొంభై ఏళ్లపాటు గడ్డకట్టించింది. కోస్తా, రాయలసీమలు అప్పటికే నిజాం చేయి దాటి మద్రాసులో కలిసిపోయి ఉన్నాయి. తెలంగాణ నిజాం దగ్గరే మిగిలింది. 1858 తర్వాత ఆ గీత అలాగే ఉండిపోయింది. ఒకే భాష మాట్లాడేవాళ్లు రెండు రకాల చట్టాల కింద, రెండు రకాల బడుల్లో, రెండు రకాల రెవెన్యూ పద్ధతుల్లో మూడు నాలుగు తరాలు పెరిగారు. 1956లో జరిగిందేమిటో, 2014లో జరిగిందేమిటో అర్థం కావాలంటే ఈ తొంభై ఏళ్లను లెక్కలోకి తీసుకోక తప్పదు.

1858 వాగ్దానం కాపాడిన ఇంకో సంస్థానం కాశ్మీర్. దానికి ఉత్తరాన ఉన్న గిల్గిత్‌ను బ్రిటిష్‌వారు 1935లో మహారాజా దగ్గర కౌలుకు తీసుకుని, వెళ్లిపోతూ 1947 ఆగస్టులో తిరిగి అప్పగించారు. అక్టోబరు 26న మహారాజా హరిసింగ్ భారత్‌లో విలీనానికి సంతకం చేశారు. అయిదారు రోజులకే గిల్గిత్ స్కౌట్స్ తిరగబడి, నవంబరు 1 ఉదయానికి మహారాజా గవర్నర్ ఘన్సారా సింగ్‌ను నిర్బంధించారు. ఆ స్కౌట్స్ అధిపతి విలియం బ్రౌన్ అనే బ్రిటిష్ మేజర్ కావడం చరిత్ర చేసే వింతల్లో ఒకటి. తాత్కాలిక ప్రభుత్వం అని ప్రకటించుకున్నది మూడు వారాలు నిలవకముందే పాకిస్థాన్ అధికారి వచ్చి పగ్గాలు పుచ్చుకున్నాడు. అక్కడ నవంబరు 1 నేటికీ స్వాతంత్ర్య దినమే. 2020లో అదే రోజున గిల్గిత్ వెళ్లిన ఇమ్రాన్ ఖాన్ ఆ ప్రాంతానికి తాత్కాలిక రాష్ట్ర ప్రతిపత్తి ఇస్తామని ప్రకటిస్తే, ఢిల్లీ వెంటనే ఖండించింది.

ఇక 1954. ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలను భారత్‌కు అప్పగించింది ఆ ఏడాది నవంబరు 1న. అంతకు రెండు వారాల ముందు కీళూరు అనే ఊళ్లో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేస్తే 170 మంది భారత్ వైపు మొగ్గారు. యానాం అంతదాకా ఆగలేదు. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జూన్ 13నే ఫ్రెంచి జెండా దింపేసింది. కాగితాల మీద వ్యవహారం తెమలడానికి మాత్రం 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. కాకినాడ పక్కనే, గోదావరి ఒడ్డున ఉన్న ఈ తెలుగు ఊరు రెండేళ్ల తర్వాత అదే తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా అందులో కలవలేదు. ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరితోనే ఉండిపోయింది. కలవాలని గట్టిగా కోరుకున్న దాఖలాలూ పెద్దగా లేవు. భాష ఒకటైతే చాలు రాష్ట్రం ఒకటవుతుందన్న సూత్రానికి తొలి మినహాయింపు మన పెరట్లోనే ఉంది.

ఆ సూత్రం దేశమంతటా అమలైంది 1956లో. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌ల కమిషన్ నివేదిక ఆధారంగా వచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నవంబరు 1న అమల్లోకి వచ్చి, ఎ, బి, సి అంటూ తరగతులుగా ఉన్న పాత రాష్ట్రాల స్థానంలో 14 రాష్ట్రాలను, 6 కేంద్రపాలిత ప్రాంతాలను మిగిల్చింది. ఆ రోజు ప్రపంచానికి మాత్రం మన గోల పట్టలేదు. సూయజ్ మీద బ్రిటిష్, ఫ్రెంచి విమానాలు బాంబులు వేస్తున్నాయి. బుడాపెస్ట్‌లో ఇమ్రే నాగీ వార్సా ఒప్పందం నుంచి హంగేరీ తప్పుకుంటోందని ప్రకటించాడు. అంతటి కోలాహలం మధ్య కోట్లమంది పౌరుల రాష్ట్రం, రాజధాని, హైకోర్టు తుపాకీ పేలకుండా మారిపోయాయి. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

అయితే కమిషన్ చెప్పిందొకటి, జరిగిందొకటి. హైదరాబాద్ రాష్ట్రంలో మిగిలే తెలుగు ప్రాంతాన్ని విడిగానే ఉంచాలని, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని కమిషన్ సూచించింది. ఢిల్లీ అయిదారేళ్లు ఆగలేకపోయింది. 1956 ఫిబ్రవరి 20న ఇరు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలన్నది అందులో ఒక షరతు. నవంబరు 1న నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. హైదరాబాద్ ముఖ్యమంత్రిగా ఉండి విలీనానికి దారి ఇచ్చిన బూర్గుల రామకృష్ణారావు అదే నెలలో గవర్నరుగా కేరళ వెళ్లిపోయారు. ఒప్పందం మొదటి రోజే బీటలువారిందనడం అతిశయోక్తి కాదు. తెలంగాణవాదులు నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించడం ఊరికే వచ్చింది కాదు.

ఇటువంటి రెండు ముఖాలు ఈ తేదీకి మరోచోటా ఉన్నాయి. బెళగావిలో ఒక వీధిలో కన్నడ రాజ్యోత్సవ ఊరేగింపు సాగుతుంటే, మరో వీధిలో మహారాష్ట్ర ఏకీకరణ సమితి నల్లజెండాలతో చీకటి దినం జరుపుతుంది. తమిళనాడు అయితే పుట్టినరోజునే మార్చుకుంది. 2019లో నవంబరు 1ని తమిళనాడు దినంగా ప్రకటించిన అన్నాడీఎంకే ప్రభుత్వం పోయి డీఎంకే వచ్చాక, 2021లో ఆ ముచ్చట జులై 18కి మారింది. రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని 1967లో శాసనసభ తీర్మానించిన రోజు అది.

ఆంధ్రప్రదేశ్‌కు మూడు తేదీలున్నాయి, ఒక్కటీ పూర్తిగా అతకదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా పుట్టింది ఆంధ్ర రాష్ట్రం. 1956 నవంబరు 1న పుట్టిన రాష్ట్రంలో తెలంగాణ కూడా ఉంది. 2014 జూన్ 2 తెలంగాణకు పండుగ, ఆంధ్రకు విభజన గాయం. విభజన తర్వాత తెలుగుదేశం ప్రభుత్వం జూన్ 2న నవనిర్మాణ దీక్షలు చేయించింది. 2019లో వైకాపా ప్రభుత్వం మళ్లీ నవంబరు 1కే వచ్చి మూడు రోజులు ఉత్సవం చేసింది. ఆ సందర్భాల్లో పొట్టి శ్రీరాములు విగ్రహానికి దండ వేయడం మామూలే. ఆయన 1952 డిసెంబరులో ప్రాణం ఇచ్చింది మద్రాసు నుంచి విడిపోయే ఆంధ్ర రాష్ట్రం కోసం. నాలుగేళ్ల తర్వాత జరిగిన విలీనం ఆయన అడిగింది కాదు. తర్కం ప్రకారం చూస్తే నేటి ఆంధ్రప్రదేశ్ సరిహద్దులకు అక్టోబరు 1 దగ్గరి చుట్టం. కానీ పండుగలు తర్కంతో రావు.

నవంబరు 1 విశాఖపట్నానికి ఇంకో కారణంగా గుర్తు. ఉక్కు కర్మాగారం కోసం గుంటూరు జిల్లాకు చెందిన టి.అమృతరావు 1966 అక్టోబరు 15న అక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. రాష్ట్రానికి పదేళ్లు నిండిన రోజునే, నవంబరు 1న, ఆ నగరంలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రవ్యాప్తంగా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారన్నది ఏళ్లుగా చెప్పుకునే లెక్క. కర్మాగారం ఇస్తున్నట్టు ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించడానికి 1970 ఏప్రిల్ దాకా పట్టింది. దాని వాటాలు మొత్తం అమ్మేయడానికి కేంద్రం 2021 జనవరిలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 2025 జనవరిలో మళ్లీ అదే కర్మాగారం కోలుకోవడానికి రూ.11,440 కోట్లు ఇస్తామంది. అరవయ్యేళ్లుగా గేటు ముందు వినిపిస్తున్న నినాదం ఒక్కటే.

విశాఖలో తుపాకులు పేలిన ఆ రోజే అటు పంజాబ్ రెండుగా చీలింది. ఈ మధ్యలో 1973ను ఒక్క మాటలో దాటేద్దాం: ఆ ఏడాది నవంబరు 1న మైసూరు రాష్ట్రం కర్ణాటక అయింది. అదే రోజు మంగళూరులో ఐశ్వర్యారాయ్ పుట్టింది. ఛత్తీస్‌గఢ్‌ది కూడా సాఫీ కథే. 2000లో కన్నతల్లి మధ్యప్రదేశ్ పుట్టినరోజునే విడిపోయి, ఇద్దరూ ఒకే రోజు దీపాలు పెట్టుకుంటున్నారు.

పంజాబ్ కథ అంత సాఫీ కాదు. దేశానికంతటికీ భాషా సూత్రం వర్తింపజేసిన ఫజల్ అలీ కమిషన్ పంజాబీ రాష్ట్రాన్ని మాత్రం ఒప్పుకోలేదు. అది భాష పేరుతో మతం అడుగుతున్న రాష్ట్రమన్న అనుమానం ఢిల్లీని వదల్లేదు. అకాలీలు పదేళ్లు పోరాడాక 1966లో హర్యానా విడిపోయింది, కొండ ప్రాంతాలు హిమాచల్‌కు పోయాయి. సరిహద్దులు తేల్చిన షా కమిషన్‌లో ఎక్కువమంది చండీగఢ్‌ను హర్యానాకు ఇవ్వమంటే, కేంద్రం ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది. పంజాబ్‌కే ఇస్తామని 1970లో అన్నది. 1986 జనవరి 26న ఇస్తామని రాజీవ్–లోంగోవాల్ ఒప్పందంలో తేదీ కూడా రాసింది. రెండుసార్లూ ఇవ్వలేదు. 1980ల పంజాబ్ మంటలకు చండీగఢ్ ఒక్కటే కారణం కాదు. నదీజలాలున్నాయి, భింద్రన్‌వాలే ఉన్నాడు, ఢిల్లీ ఆడిన రాజకీయ జూదం ఉంది. కానీ 1982లో మొదలైన ధర్మయుద్ధ మోర్చా కోరికల జాబితా తెరిస్తే 1966 నవంబరు 1న తేల్చకుండా వదిలేసిన పద్దులే ముందు కనిపిస్తాయి.

1984 జూన్‌లో స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్లింది. అక్టోబరు 31న ఇందిరాగాంధీని ఆమె అంగరక్షకులే కాల్చిచంపారు. ఆ సాయంత్రం చెదురుమదురుగా మొదలైన దాడులు నవంబరు 1 ఉదయానికి వేట అయ్యాయి. త్రిలోక్‌పురి, సుల్తాన్‌పురి, మంగోల్‌పురి కాలనీల్లో తలపాగా కనిపిస్తే చాలు మెడలో టైర్లు వేసి కాల్చారు. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఇళ్లు వెతికారు. ఢిల్లీలో చనిపోయినవాళ్లు 2,733 మందని ప్రభుత్వం తర్వాత లెక్క తేల్చింది. అప్పటి హోంమంత్రి మన పి.వి.నరసింహారావు. సైన్యాన్ని వెంటనే పిలవమని ఐ.కె.గుజ్రాల్ ఆయనను కోరారని, ఆ మాట విని ఉంటే నరమేధం తప్పేదని 2019 డిసెంబరులో మన్మోహన్ సింగ్ అన్నారు. పి.వి. కుటుంబం ఆ మాటను తప్పుపట్టింది. ప్రధాని కార్యాలయానిది ఎంత, హోంశాఖది ఎంత అన్న వాదన ఎలాగున్నా, రాజధాని నగరంలో మూడు రోజులు ప్రభుత్వం లేదన్నది మాత్రం వాదనకు లొంగని నిజం. ఆర్థిక సంస్కరణలకు పి.వి.ని తలుచుకునే తెలుగువాళ్లం ఈ పేజీని తిప్పేసి పోవడం సరికాదు.

కేసులు కదిలిన తీరు మరో కథ. కమిషన్లు, కమిటీలు వరుసగా వచ్చాయి. కాంగ్రెస్ మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌ను ఒక కేసులో కింది కోర్టు వదిలేస్తే, 2018 డిసెంబరు 17న ఢిల్లీ హైకోర్టు జీవితఖైదు విధించింది. సరస్వతి విహార్‌లో ఒక సిక్కు తండ్రినీ కొడుకునూ చంపిన కేసులో 2025 ఫిబ్రవరి 25న ఆయనకు రెండో జీవితఖైదు పడింది. ఆ హత్యలు జరిగిన తేదీ 1984 నవంబరు 1.