శిశుహస్తమున తుపాకీ: మృగయావాద ఖండనము



అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో నివసించే ఒక సాధకుడు ఇటీవల నాకొక లేఖ వ్రాశారు. గ్రామప్రాంతంలో పదెకరాల భూమి కొని ఇల్లు కట్టుకొన్నవారు; సంధ్యావందనం, గీతాపారాయణం తప్పనివారు. వారి కుమారునికి ఆరు సంవత్సరాలు. నవంబరులో తొమ్మిది దినాలు సాగే తుపాకీవేట ఋతువులో పొరుగువారు తమ పిల్లలను వెంటబెట్టుకొని లేళ్ళవేటకు వెళతారు. ఈ బాలుడు కూడ వెళ్ళాలని మారాము చేస్తున్నాడు. "మా భూమిలోనే, నా ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, వానిచేత ఒక్క లేడిని కొట్టిస్తే దోషమా? మృగయ క్షత్రియధర్మమే గదా! దోషం లేదని మా సత్సంగంలో ఒక పెద్దమనిషి శాస్త్రప్రమాణాలతో చెప్పారు" అని వారి ప్రశ్న.

చట్టం అడ్డు చెప్పదు. పెద్దల వెంట వేటాడే పిల్లలకు అంతవరకు పది సంవత్సరాలుగా ఉన్న కనీస వయఃపరిమితిని ఆ రాష్ట్రం 2017లో తొలగించింది. వెంట ఉన్న పెద్దవాడు చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి, అంతే. అయితే చట్టం దండన లేదని మాత్రమే చెప్పగలదు. దోషం లేదని చెప్పే అధికారం దానికి లేదు. ఆ పెద్దమనిషి శాస్త్రం పేరు ఎత్తారు గనుక శాస్త్రంతోనే సమాధానం చెప్పవలసి ఉన్నది.

ముందుగా పూర్వపక్షంలోని సత్యాన్ని అంగీకరిద్దాం. ప్రతివాది మాటలో నిజమున్నచోట కనులు మూసుకొనేవాడు వాది కాడు, వితండవాది. అమెరికాలో తెల్లతోక లేళ్ళు 1900 ప్రాంతానికి ఐదు లక్షలకు మించి మిగలలేదని అంచనా. నేడు సుమారు 3 కోట్లు. తోడేళ్ళు చాలాచోట్ల అంతరించాయి. లేళ్ళు మితిమీరినచోట అడవిలో మొలక పైకి రాదు, పంటలు నశిస్తాయి, రహదారులపై ప్రమాదాలు జరుగుతాయి, కఠినమైన శీతకాలంలో ఆ మృగాలే ఆకలితో మరణిస్తాయి. కనుక ఆ దేశంలో వేటాడే ప్రతివాడినీ క్రూరుడని నిందించడం అజ్ఞానం. మన శాస్త్రం కూడ మృగయను సర్వులకూ సర్వథా నిషేధించలేదు. పాండురాజును శపించిన కిందముడు సైతం మృగాన్ని చంపినందుకు నిందించలేదు. సంగమసమయంలో చంపినందుకే నిందించాడు.

ఇక సిద్ధాంతం.

మృగయ క్షత్రియధర్మమన్న వాక్యం అర్ధసత్యం. మనువు సప్తమాధ్యాయంలో రాజునకు కామజవ్యసనాలు పది చెప్పి, వాటిలో మొట్టమొదట మృగయనే పేర్కొన్నాడు. ఆ పదింటిలో అతికష్టమైన నాలుగింటిని వేరుచేసి, మద్యపానం, జూదం, స్త్రీవ్యసనం సరసన మృగయను నిలిపాడు. ప్రజారక్షణకై ఆయుధం పట్టవలసిన రాజుకే ఇంత హెచ్చరిక ఉండగా, కార్యాలయంలో గణకయంత్రం ముందు పనిచేసే గృహస్థుకు "క్షత్రియధర్మం" ఎక్కడి నుండి సంక్రమించింది? కాళిదాసు శాకుంతలంలో మృగయ దోషమనడం మిథ్య అని వాదించే పాత్ర ఒకటున్నది: సేనాపతి. శరీరం తేలికపడుతుందని, భయక్రోధాలలో మృగచిత్తం తెలుస్తుందని స్తోత్రం చేస్తాడు. నేటి వేటపత్రికలు చెప్పేదీ అదే. కాని ఆ నాటకంలో దుష్యంతుడు విన్నది సేనాపతి మాట కాదు. ఆశ్రమమృగాన్ని చంపరాదని తపస్వి అనగానే సంధించిన బాణాన్ని ఉపసంహరించాడు. దశరథుడు చీకటిలో శబ్దాన్ని విని కొట్టాడు. ఒరిగినది ముని కుమారుడు. పరీక్షిత్తు వేటలో దప్పికగొని శమీకుని మెడలో మృతసర్పం వేశాడు. మన ఇతిహాసపురాణాలలో వేట అనేకసార్లు విపత్తుకు ద్వారం. వాటిని ప్రోత్సాహకథలుగా చదివేవారు ఆ కథలను చివరిదాకా చదవలేదు.

కన్నప్పను, ధర్మవ్యాధుని ఉదాహరిస్తారు. కన్నప్ప వేటనే జీవికగా గల కులంలో పుట్టినవాడు. శ్రీకాళహస్తిలో మనం స్మరించేది అతని బాణాన్ని కాదు, పెకలించి ఇచ్చిన నేత్రాన్ని. మిథిలలోని ధర్మవ్యాధుడు తాను చంపనని, ఇతరులు చంపినదానిని విక్రయిస్తానని, మాంసం తిననని కౌశికునకు స్వయంగా చెప్పుకొన్నాడు. అంగడి నిండా ఆహారం ఉండగా వినోదార్థం లేడిని కొట్టేవానికి ఈ ఇద్దరిలో ఎవరూ సాక్ష్యం పలుకరు.

ఇప్పటివరకు చెప్పినది పెద్దల విషయం. లేఖలోని అసలు ప్రశ్న బాలుని విషయం. దీనికి మహాభారతమే ఒక నిర్ణయం ఇచ్చింది. మాండవ్యమహర్షి నిరపరాధిగా కొరత వేయబడి, అందుకు కారణమేమని ధర్మదేవతను అడిగాడు. బాల్యంలో కీటకాలను గడ్డిపరకతో గ్రుచ్చావు, దాని ఫలమిది అని ధర్ముడు సమాధానం చెప్పాడు. ముని క్రుద్ధుడై ధర్ముని శూద్రయోనిలో జన్మించమని శపించాడు, అతడే విదురుడు. అంతేగాక, పదునాలుగు సంవత్సరాలు నిండేవరకు బాలుడు చేసినది పాతకం కాదని మర్యాద స్థాపించాడు.

"సరే, అయితే మా వానికి పాపం అంటదు గదా!" అని కొందరు సంతోషిస్తారు. నిలిచి ఆలోచించండి. మాండవ్యుడు కీటకాలను గ్రుచ్చినది తనంత తానే, ఎవరూ నేర్పలేదు. ఇక్కడ తండ్రి తుపాకీ ఇచ్చాడు, గురి చూపాడు, "ఇప్పుడు" అని చెవిలో చెప్పాడు. పతంజలి హింసను కృతం, కారితం, అనుమోదితం అని మూడుగా విభజించాడు. కర్తకు పాపం లేకపోయినంత మాత్రాన కర్మ నిరాధారంగా ఆకాశంలో నిలువదు. బాలునికి అంటని భారమంతా కారయితకే చెందుతుందని నా నిశ్చితాభిప్రాయం. ఇంతకన్న ఘోరమైనది మరొకటి ఉన్నది. పాపం అంటకపోయినా సంస్కారం అంటుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. 1960వ దశకంలో, వన్యప్రాణి సంరక్షణచట్టం రావడానికి ఎన్నో ఏళ్ళ పూర్వం, నల్లమల అంచున ఉన్న మా మాతామహుల గ్రామంలో నాకు ఏడేళ్ళ వయస్సున మా మేనమామ నన్ను రాత్రివేటకు తీసుకొనిపోయాడు. టార్చిలైటు పట్టడం నా పని. వెలుగులో చిక్కిన దుప్పి కదలక నిలిచిపోయింది. "చెయ్యి వణకనియ్యకురా" అన్నాడు మామ. వణకనియ్యలేదు. మరునాడు ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకొన్నారు. ఆనాడు నాకు దుఃఖం కలుగలేదు, గర్వం కలిగింది. ఆ తరువాత దీక్ష పొందాను, దశాబ్దాలు జపం చేశాను. ఆ దుప్పికై పశ్చాత్తాపం ఎప్పుడో వచ్చింది; కాని ఆ మెప్పు తలపునకు వస్తే నేటికీ లోపల ఏదో పొంగుతుంది. దానిని నేను ఇంతవరకు పెకలించలేకపోయాను. మామను ప్రేమించాను గనుకనే అది అంత లోతుగా నాటుకొన్నది. తండ్రీకొడుకుల అనుబంధం పెరుగుతుందని వేటవాదులు చెప్పేది నిజమే. ప్రేమకూ ప్రాణహరణానికీ ముడి వేయడమే ఇందులోని ప్రమాదం.

పదెకరాల మాట కూడ విచారించాలి. ఆ భూమి చదరంగా ఉంటే ఒక్కొక్క ప్రక్క సుమారు 200 మీటర్లు. రైఫిల్ గుండు కిలోమీటరున్నర దాటి పోగలదు. గురిగా దెబ్బ తగిలిన లేడి సైతం వంద మీటర్లు పరుగెత్తగలదు. గురి తప్పి గాయపడినదాని సంగతి చెప్పనక్కరలేదు. అది కంచె దాటిన తరువాత పొరుగువాని అనుమతి లేక అడుగు పెట్టరాదు. అక్కడ అది ప్రాణం విడుస్తూ ఉంటే, ఇక్కడ ఆరేళ్ళవాడు "నాన్నా, ఇప్పుడేం చేద్దాం?" అని అడిగితే ఏమి చెబుతారు? మాంసం విషయమూ ఉన్నది. 2008లో నార్త్ డకోటాలో పేదలకై దానమిచ్చిన లేడిమాంసంలో సీసపు తునకలు బయటపడగా దానిని పారవేయించారు. సీసం అందరికన్న అధికంగా బాధించేది పసివారి మెదడునే.

మరి లేళ్ళ సంఖ్య మితిమీరితే? వాటిని తగ్గించక తప్పని స్థలంలో, శిక్షణ గల వయోజనుడు, ఒక్క దెబ్బతో ముగించగల సామర్థ్యంతో, సంబరం లేకుండా, చిత్రపటాలు తీసుకోకుండా ఆ పని చేస్తే నేను అతనితో వాదించను. అది ఆపద్ధర్మం. ఆపద్ధర్మాన్ని పసివాని పండుగగా మార్చడం మాత్రం అధర్మం. ఆ దేశపు చరిత్ర కూడ దీనినే బోధిస్తున్నది: లేళ్ళను అంతరించనీయక కాపాడినవి చట్టాలు, ఋతునియమాలు, వాటికి లోబడిన వేటగాండ్ర నిగ్రహం. వనపర్వంలో ద్వైతవనమృగాలు యుధిష్ఠిరుని స్వప్నంలో కన్నీటితో నిలిచి, తాము బీజమాత్రంగా మిగిలామని, వేరొక వనానికి వెళ్ళమని వేడుకొన్నాయి. ధర్మజుడు తెల్లవారగానే తమ్ములకు చెప్పి కామ్యకవనానికి తరలిపోయాడు. విల్లు చేతనున్నవాని గొప్పతనం ఎక్కడ ఉంటుందో ఆ ప్రభాతమే సాక్షి.

శాకాహారులమైన మనం ఈ వాదం విని మీసం దువ్వుకోనక్కరలేదు. మాంసం అంగడిలో కొని తింటూ వేటగానిని దూషించేవాడు అతనికన్న తక్కువ నిజాయితీ గలవాడు. అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ ఘాతకులేనని మనువు లెక్క తేల్చాడు. వేటగాడు కనీసం తాను చేసినదానిని కన్నులారా చూస్తాడు.

నాయనా, మీ కుమారుడు అడిగినది నిజానికి లేడి ప్రాణాన్ని కాదు. తెల్లవారకముందే లేచి, చలిలో మీ ప్రక్కన నిశ్శబ్దంగా కూర్చుండే అధికారాన్ని అడిగాడు. అది తప్పక ఇవ్వండి. నారింజరంగు చొక్కా తొడిగించి, వేట ఋతువు ముగిసిన తరువాత తీసుకొనివెళ్ళండి. మంచులో గిట్టల జాడ చూపండి, గాలి ఎటు వీస్తున్నదో గుర్తించడం నేర్పండి, లేడి చెవి త్రిప్పితే ఊపిరి బిగబట్టడం నేర్పండి. సేనాపతి పొగిడిన గుణాలన్నీ వానికి ఇందులోనే అబ్బుతాయి. పదునాలుగు నిండిన తరువాత మాండవ్యుని కథ చెప్పి, నిర్ణయం వానికే వదలండి. అప్పుడు వాడు చేసినది వానిది అవుతుంది. అంతవరకు వాని చేతిలో ఉన్నది మీ చెయ్యి అని మరువకండి.

స్వస్తి.