పొరుగూరి పనివాడును రాత్రి బసయును

బాటసారికి బస యిచ్చుటకంటె గొప్ప పుణ్యము లేదని మన దేశమున చెప్పనివారు లేరు. అట్లు చెప్పువారినే మేమొక ప్రశ్న యడుగుచున్నాము. దేవుని చూడ వచ్చినవాడు మాత్రమే బాటసారియా? పనిముట్ల సంచి భుజమున వేసికొని, పది దినముల పనికై పొరుగూరినుండి వచ్చినవాడు బాటసారి కాడా? వచ్చినవాడు యాత్రికుడైనచో వానికి సత్రము, పెండ్లివాడైనచో విడిది, అధికారియైనచో అతిథిగృహము, పనివాడైనచో రైలుస్టేషను అరుగు. ఈ భేదమును ఏ ధర్మశాస్త్రము విధించినది?

మేము దూరదేశపు సంగతి వ్రాయుట లేదు. కృష్ణకు దక్షిణపుటొడ్డున, బెజవాడ కెదురుగా నున్న తాడేపల్లి సంగతి వ్రాయుచున్నాము. ఈ యూరు 2021లో మంగళగిరి తాడేపల్లి నగరపాలక సంస్థలో చేరినది. ఇచట కృష్ణా కెనాలు జంక్షను కలదు. కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు జాతీయ రహదారియు కలదు. 2015లో అమరావతికి శంకుస్థాపనము జరిగెను. 2019 తరువాత నిలిచిపోయిన రాజధాని పనులు 2025 మే 2వ తేదీన మరల ప్రారంభమయ్యెను. మేడలు కట్టు పెద్ద గుత్తదారులు తమ కూలీలకు రేకుల పాకలైనను వేయుదురు. కాని గచ్చు పరచువాడు, తలుపులు బిగించువాడు, రంగులు వేయువాడు, కరెంటు తీగెలు లాగువాడు, వీరిలో పలువురు ఎవరి నౌకరులును కారు. ఫోను రాగానే ఒంగోలునుండియో నరసరావుపేటనుండియో బయలుదేరి వచ్చి, ఒప్పుకొన్న పని ముగించి, సొమ్ము పుచ్చుకొని పోవువారు. తమకు తామే యజమానులు. వీరికి రాత్రి బస యెక్కడ?

ఈ ప్రశ్న మాకును మొదట తట్టలేదు. తట్టిన విధమును చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము, అయినను చెప్పవలెను. కొంతకాలము క్రిందట మా యింటి గచ్చు బాగుచేయుటకు మార్కాపురమునుండి ఒక మేస్త్రి వచ్చెను. దినమునకు 900 రూపాయల కూలికి ఆరు దినముల పని. ఉదయము ఏడు గంటలకు వచ్చుచుండెను, చీకటిపడగనే పోవుచుండెను. మేము కాఫీ యిచ్చితిమి, మజ్జిగ యిచ్చితిమి, పని బాగున్నదని మెచ్చుకొంటిమి. ఎచట పరుండుచున్నావని మాత్రము అడుగలేదు. అయిదవ దినమున వట్టిచేతులతో వచ్చి, రాయి కోయు మిషను పోయినదని చెప్పి గుమ్మములో కూలబడెను. అపుడు గాని సంగతి తెలియలేదు.

మొదటి రాత్రి అతడొక లాడ్జికి పోయెను. గది 800 రూపాయలనిరి. అది యిచ్చుటకైనను సిద్ధపడగా, సిమెంటు పట్టిన వాని బట్టలను, సంచిని చూచి, ఖాళీ లేదనిరి. ఒక హాస్టలునకు పోగా, నెల అద్దెయు, మరియొక నెల అడ్వాన్సును ముందుగా కట్టుమనిరి. ఒక సత్రమునకు పోగా “మీరేమిటోళ్లు?” అని యడిగిరి, చెప్పగా, ఇది మావారి సత్రమనిరి. ఆ మీదట స్టేషనులో పరుండగా అర్ధరాత్రి లేపి పంపివేసిరి. నాలుగవ రాత్రి ఒక మూసిన దుకాణపు మెట్లమీద, మిషను తలక్రింద పెట్టుకొని నిద్రించెను. తెల్లవారునప్పటికి మిషను లేదు. మా యింటి వసారా ఆ నాలుగు రాత్రులును ఖాళీగానే యుండెను. మిగిలిన రెండు రాత్రులు అతడచట పరుండెనని చెప్పి మేము పుణ్యము కట్టుకొనజాలము. ఒకరి దయమీద ఆధారపడిన నిద్ర నిద్ర కాదు.

చట్టములు లేవా యని చదువరులు అడుగవచ్చును. కలవు. పొరుగు రాష్ట్రమునుండి తెచ్చిన పనివారికి గుత్తదారుడు తగిన వసతి చూపవలెనని 1979లో శాసించిరి. కట్టడపు పనివారికి యజమాని పనిచోటనో దాని దాపుననో ఉచితముగా వసతి కల్పింపవలెనని 1996లో శాసించిరి. మంచిదే. 2025లో ఆ రెండు శాసనములును రద్దయినవి, కాని యీ రెంటిలోను పనివానికి కప్పు లభించినది యజమాని ద్వారముననే. యజమాని లేనివానికి? తానే తన పనికి కర్తయై, ఎవరికిని లోబడక బ్రదుకువాడు మనలో అందరికంటె గౌరవింపదగినవాడని ఉపన్యాసములిచ్చుచున్నాము. చట్టములో మాత్రము వానికి చాపంత చోటు చూపలేదు. గుంటూరు సీమకు పత్తి తీయుటకును మిరపకాయలు కోయుటకును కర్నూలు పడమటి మండలములనుండి పిల్లాపాపలతో వచ్చువారును చేలలో పట్టాలు కప్పుకొని కాలము గడపుచున్నారు. మిరపపంట గుంటూరు యార్డులో టిక్కీలకెక్కి గిడ్డంగి నీడకు చేరును. కోసినవారికి నీడ లేదు.

పన్ను వేయుటలోనైనను కనికరము కలదా? 2022 జూలై 17వ తేదీవరకు దినమునకు 1,000 రూపాయలలోపు అద్దె గదులకు జీఎస్టీ లేకుండెను. మరునాటినుండి నూటికి 12 వంతున వేసిరి. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి దానిని 5కు తగ్గించిరి. 2024 జూలైలో హాస్టళ్లవంటి వసతులకు, నెలకు మనిషికి 20,000 రూపాయలు మించనిచో, పన్ను మినహాయించిరి. కాని 90 దినములు ఎడతెగక నిలిచినవారికే యా మినహాయింపు. మూడు నెలలు నిలిచినవానికి లేని పన్ను ఆరు దినములకు వచ్చినవానికేల? చిన్న లాడ్జీలు పన్ను పరిధిలోనికి రాకపోవచ్చును. మేము తప్పుపట్టుచున్నది సొమ్మును గాదు, ఆ తలంపును. కొలదిదినములకు వచ్చువాడు ఉల్లాసయాత్రకు వచ్చిన ధనికుడే యని తలచుటయే యిందలి దోషము.

ఇక సత్రముల మాట. 1830–31లో చెన్నపట్టణమునుండి కాశికి పోయి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రా చరిత్రమున మజిలీ మజిలీకిని బస యున్నదో లేదో వ్రాసియుంచెను. సత్రములు కట్టించిన దాతలకు మేమును నమస్కరింతుము. కాని ఒక్కొక్క కులము తన సత్రమును తాను కట్టుకొనుటతో ధర్మము ముగిసినదని తలచుట పొరపాటు. ఏ కులము ధనవంతమో ఆ కులమువారికే సత్రము. ఏ కులమువారు కూలికై ఊరూర తిరుగుచున్నారో వారికి సత్రము లేదు. ఆకలిగొన్నవానిని విడిచి కడుపు నిండినవానికి వడ్డించుట ఇదియే. కులమును బట్టి హోటలు ప్రవేశము నిరోధింపరాదని రాజ్యాంగపు 15వ అధికరణము చెప్పుచున్నది. దేశమంతట తిరుగుటకును, ఏ వృత్తినైనను చేసికొనుటకును 19వ అధికరణము హక్కు నిచ్చినది. దేవుడు వరమిచ్చినను పూజారి యీయడన్నట్లు, రాజ్యాంగ మిచ్చిన హక్కును లాడ్జి గుమాస్తా త్రోసివేయుచున్నాడు.

నిరాశ్రయులకు వసతిగృహములున్నవి గదా యందురు. లక్ష జనమునకు నూరుమందికి చాలు వసతి యుండవలెనని జాతీయ పట్టణ జీవనోపాధుల పథకమున నియమము చేసిరి. మేస్త్రి నిరాశ్రయుడా? వానికి మార్కాపురమున ఇల్లున్నది, ఆలుబిడ్డలున్నారు. వానికి కావలసినది భిక్ష కాదు. తాను కట్టగల అద్దెకు, తలవంచక అడుగగల ఒక మంచము. డబ్బు పుచ్చుకొని బాటసారిని ఆదరించుట మనకు క్రొత్తయు గాదు. క్రీడాభిరామమున ఓరుగంటి పూటకూటింటి ముచ్చట కలదు. పూటకూళ్లమ్మ భోజనము అమ్మినదే గాని అవమానమును అమ్మలేదు.

దొంగలు చేరుదురని కొందరు భయపడుచున్నారు. దొంగలు చేరునది మూసిన దుకాణపు మెట్ల దగ్గర. తాళము, దీపము, కావలివాడు ఉన్నచోట గాదు. ఖర్చు భరింపజాలమని మరికొందరు అందురు. 1892లో రౌటన్ ప్రభువు లండను నగరపు వాక్స్‌హాలు పేటలో పనివారికి పెద్ద బసగృహము తెరచెను. రాత్రికి ఆరు పెన్నీలు పుచ్చుకొని ప్రత్యేకపు గదిగూడును, స్నానపుగదులును, చదువుకొను గదియు సమకూర్చెను. అది నిలద్రొక్కుకొన్నందుననే ఆ నగరముననే అట్టివి మరి అయిదు లేచినవి. అంతదూర మేల? మన రాష్ట్రముననే 2024 ఆగస్టు 15వ తేదీనుండి అన్న క్యాంటీన్లు మరల తెరచి, 5 రూపాయలకు భోజనము పెట్టుచున్నారు. అచట కుల మడుగరు, బట్టలు చూడరు. విస్తరి వేయగల ప్రభుత్వము మంచము వేయలేదా? పూటకు అన్నము పెట్టి, రాత్రికి వీధిలోనికి పంపుట సగము ధర్మమే.

కావున మా కోరిక స్పష్టముగా చెప్పుచున్నాము. నగరపాలక సంస్థ కృష్ణా కెనాలు జంక్షను దగ్గర నూరు మంచముల పనివారి బసను కట్టవలెను. అద్దె రాత్రిలెక్కన నుండవలెను. అది దినకూలిలో పదియవ వంతు మించరాదు. పనిముట్లకు తాళమున్న అర, స్నానమునకు నీరు, శుభ్రమైన మరుగుదొడ్డి యుండవలెను. స్త్రీలకు వేరు భాగము తప్పక యుండవలెను. ఏలయన మగవాడు స్టేషనులోనైనను పరుండును, పనికై ఒంటరిగా వచ్చిన స్త్రీకి ఆ గతియు లేదు. చీకటి పడునను భయముననే వచ్చిన పనిని వదలుకొనుచున్నది. ఊరు పేరు వ్రాసికొనుడు. కులము పేరు అడుగకుడు.

చదువరులారా, బస కట్టుటకు కాలము పట్టును. అడుగుటకు కాలము పట్టదు. మీ యింటికి రంగులు వేయుచున్నవానిని, గచ్చు పరచుచున్నవానిని, ఈ రాత్రి యెచట పరుందువని అడుగుడు. మేము నాలుగు దినములు అడుగనందువలన ఒక మనిషి తన జీవనాధారమును పోగొట్టుకొనెను. ఆ గచ్చుమీదనే ఇప్పుడు మేము ప్రతిదినమును నడచుచున్నాము.