సాక్ష్యానికి రంగు ఉంటుందా?



అమెరికా దక్షిణ భాగంలో ఆలబామా అనే రాష్ట్రం ఉంది. అందులో మన్రోవిల్ ఒక చిన్న పట్టణం. చేయని నేరానికి బలైపోయిన ఒక నల్లజాతి మనిషిని గురించి 1960లో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' అనే నవల వచ్చింది. లోకమంతా చదివిన ఆ నవలను రాసిన హార్పర్ లీ పుట్టి పెరిగిన ఊరు ఇదే. ఆ పుస్తకం పేరు చెప్పుకొని ఆ ఊరు ఎంతో గర్వపడుతుంది. కాని పుస్తకంలో చదివి కన్నీరు పెట్టుకొన్న అన్యాయమే తమ కళ్లముందు జరిగినప్పుడు ఆ ఊరివాళ్లు దాన్ని గుర్తుపట్టలేకపోయారు.

1986 నవంబరు 1, శనివారం ఉదయం. ఆ ఊళ్లోని డ్రైక్లీనింగ్ దుకాణంలో పనిచేసే 18 ఏళ్ల తెల్లజాతి అమ్మాయిని ఎవరో తుపాకీతో కాల్చి చంపారు. నెలలు గడిచినా హంతకుడు దొరకలేదు. కన్నవారి దుఃఖం చెప్పనలవి కాదు. ఊరంతా భయం, కోపం. ఎవరినో ఒకరిని పట్టుకోకపోతే పోలీసులకు మాట దక్కదు.

1987 జూన్‌లో వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లజాతి వ్యక్తిని అరెస్టు చేశారు. కాగితం మిల్లులకు వెళ్లే కలప కొట్టి అమ్ముకొంటూ, కష్టపడి పైకి వచ్చినవాడు. అతడు మచ్చలేని మనిషని చెప్పడం లేదు. భార్య ఉండగా ఒక తెల్లజాతి స్త్రీతో సంబంధం పెట్టుకొన్నాడు. అది తప్పే. కాని ఆ ఊరి కంటికి అది మామూలు తప్పుగా కనబడలేదు. నల్లవారికీ తెల్లవారికీ మధ్య పెళ్లిని నిషేధించే చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1967లోనే తీర్పు చెప్పినా, ఆలబామా రాజ్యాంగంలో ఆ నిషేధం 2000 వరకు అలాగే ఉండిపోయింది. అటువంటి చోట, ఆ గీత దాటినవాడు హత్యకు కూడా వెనుదీయడని నమ్మడం ఎంత సులువో ఆలోచించండి.

హత్య జరిగిన ఆ ఉదయం మెక్‌మిలియన్ ఎక్కడున్నాడు? తన ఇంటి దగ్గరే ఉన్నాడు. చర్చి కోసం డబ్బు పోగుచేయడానికి ఆ ఇంటి దగ్గరే చేపలు వేయించి అమ్ముతున్నారు. ఇటువంటి పనులు మీకు తెలియనివి కావు. వచ్చేవారు వస్తుంటారు, పోయేవారు పోతుంటారు, ఎవరు ఉన్నారో ఎవరు లేరో అందరికీ తెలుస్తుంది. అతణ్ణి అక్కడ ఎంతోమంది చూశారు. వారు కోర్టుకు వెళ్లి ప్రమాణం చేసి ఆ సంగతి చెప్పారు. వారంతా నల్లజాతివారు.

అటువైపు ముఖ్య సాక్షి రాల్ఫ్ మయ్యర్స్ అనే తెల్లజాతి వ్యక్తి. మరో హత్యకేసులో పోలీసుల చేతిలో ఉన్న నేరస్థుడు. ఇతనితోపాటు మరో ఇద్దరు, మెక్‌మిలియన్ ట్రక్కును దుకాణం దగ్గర చూశామన్నారు. కిందికి దించి మార్పు చేసిన ట్రక్కు అని గుర్తు కూడా చెప్పారు. ఆ ట్రక్కుకు ఆ మార్పు జరిగింది హత్య తరువాత కొన్ని నెలలకని ఆ తరువాత బయటపడింది!

విచారణను నల్లవారు చాలా తక్కువగా ఉండే మరో కౌంటీకి మార్చారు. అక్కడ తీర్పు చెప్పేది సామాన్య పౌరులు పన్నెండుమంది కూర్చొనే జ్యూరీ. అందులో 11 మంది తెల్లవారు, ఒక్కరు నల్లవారు. 1988 ఆగస్టులో ఒకటిన్నర రోజులో విచారణ ముగిసిపోయింది. నేరస్థుడేనన్నారు. జ్యూరీ యావజ్జీవ ఖైదు చాలునన్నా, జడ్జి దాన్ని తోసిపుచ్చి మరణశిక్ష వేశాడు. అంతకన్నా ఘోరం, విచారణ జరగకముందే, ఏడాదికి పైగా అతణ్ణి మరణశిక్ష పడ్డ ఖైదీల మధ్య ఉంచారు.

గమనించండి. ఇక్కడ సాక్షులు లేక కాదు అన్యాయం జరిగింది. సాక్షులు ఉన్నారు, ఎక్కువమందే ఉన్నారు. త్రాసులో ఒకవైపు చర్చి పనికి వచ్చిన మనుషులు, రెండోవైపు ఒక నేరస్థుడు. అయినా త్రాసు అటే మొగ్గింది. నాబోతు కథలో అబద్ధ సాక్షులను కూర్చోబెట్టినవారికి అతని ద్రాక్షతోట కావాలి. ఇక్కడ జ్యూరీకి ఏ తోటా అక్కరలేదు. ముందే మనసులో ఉన్న అనుమానానికి సరిపోయే మాట వినబడింది, నమ్మేశారు. అబద్ధానికి సగం బలం చెప్పేవాడు ఇస్తే, మిగతా సగం వినేవాడే ఇస్తాడు.

బ్రయన్ స్టీవెన్‌సన్ అనే యువ నల్లజాతి న్యాయవాది ఈ కేసు చేపట్టాడు. మయ్యర్స్ పోలీసులకిచ్చిన వాంగ్మూలం క్యాసెట్టు సంపాదించి విన్నారు. అది అయిపోయాక తిప్పి రెండోవైపు వేశారు. తానెరుగని మనిషిమీద, తనకు తెలియని నేరం మోపమని బలవంతపెడుతున్నారని మయ్యర్స్ మొరపెట్టుకోవడం అందులో వినబడింది. ఈ మాటలను పోలీసులు ప్రతివాది వకీళ్లకు ఇవ్వనేలేదు. 1992లో మయ్యర్స్ కోర్టులో నిలబడి తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకొన్నాడు. 1993 ఫిబ్రవరిలో పై కోర్టు శిక్షను రద్దు చేసింది. మార్చి 2న మెక్‌మిలియన్ విడుదలయ్యాడు. మరణశిక్ష నీడలో ఆరేళ్లు గడిచిపోయాయి. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బుతో బాధపడి 2013లో కన్నుమూశాడు.

ఇది ఒక్క మనిషి కథ అయితే ఎంత బాగుండేది! 1973 నుంచి 2024 వరకు అమెరికాలో మరణశిక్ష పడి, తరువాత నిర్దోషులుగా తేలినవారు 200 మంది. అందులో సగానికి పైగా నల్లజాతివారు. దేశ జనాభాలో వారు సుమారు ఏడింట ఒక వంతు మాత్రమే. జ్యూరీ మాట కాదని మరణశిక్ష వేసే అధికారాన్ని ఆలబామా 2017లో జడ్జీల నుంచి తీసివేసింది. అయితే అప్పటికే అలా శిక్ష పడినవారికి ఆ చట్టం వర్తించలేదు.

చట్టాలను మార్చవచ్చు. వినే చెవిని ఎవరు మార్చాలి? ఫలానావాడే చేశాడని వినగానే, ఆ మాట మన చెవికి ఎందుకంత ఇంపుగా ఉందో ఒక్కసారి మనల్ని మనం అడుగుదాం. అతని పక్షాన మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా, ఉంటే వారి మాట విన్నామా అని కూడా అడుగుదాం. వారు పేదలనో, పెద్దగా చదువుకోలేదనో, మనవాళ్లు కారనో తీసి పక్కన పెట్టామేమో చూసుకొందాం. ఆ క్యాసెట్టు రెండోవైపు మొదటినుంచీ అక్కడే ఉంది. తిప్పి వినడానికి ఒక మనిషి రావలసివచ్చింది, అంతే.