ఎస్వీఆర్‌లో కడప వాటా

ఎస్వీ రంగారావు నూజివీడులో పుట్టారు. కడపతో ఆయనకు చుట్టరికమేమీ లేదు. అయినా కడపవాడిగా ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. ఆ మహానటుడిలో మన జిల్లాకు వాటా ఉంది. దాన్ని మనం ఇంతవరకూ అడగనే లేదు.

1947లో ‘వరూధిని’లో ప్రవరాఖ్యుడిగా ఆయన తెరమీదికి వచ్చారు. సినిమా ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరిపోయారు. మళ్లీ మద్రాసు వచ్చాక విజయా వాళ్లు ‘షావుకారు’లో సున్నం రంగడి వేషమిచ్చారు. మరుసటి ఏడాదే, 1951లో, ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుణ్ణి ఆయన చేతిలో పెట్టారు. నటుడు తేలిపోతే సినిమా మొత్తం కుప్పకూలిపోయే వేషమది. అప్పటికి ఆయనకు ముప్ఫై రెండేళ్లు.

ఆ విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన నాగిరెడ్డి మన పొట్టిపాడు మనిషి. ఆయన అన్న బి.ఎన్.రెడ్డి పులివెందుల దగ్గరి కొత్తపల్లెలో పుట్టారు. (‘పాతాళభైరవి’ దర్శకుడు కె.వి.రెడ్డి కూడా దూరపువాడేం కాదు, పక్కనే తాడిపత్రి.) సినిమాల్లోకి రాకముందు ఆ అన్నదమ్ముల ఇంటి వ్యాపారం ఎర్రగడ్డలు. మద్రాసు నుంచి బర్మాకు ఓడల్లో పంపేవారు. సరుకు కుళ్లేలోగా తేల్చుకోవాల్సిన వ్యాపారం అది. ఒక సినిమా పోయినంత మాత్రాన నటుణ్ణి వదులుకోని తెగువ వాళ్లకు అక్కడే అబ్బిందని నా నమ్మకం.

మాంత్రికుడనే ముద్ర బలపడుతున్న మనిషికి బి.ఎన్. 1955లో ‘బంగారుపాప’ కోటయ్యను ఇచ్చారు. జైలు నుంచి వచ్చిన ఒక మొరటు మనిషి, దిక్కులేని పసిబిడ్డను పెంచుతూ మెత్తబడే కథ. జార్జ్ ఎలియట్ ‘సైలాస్ మార్నర్’ నవల దానికి ఆధారం. ఎస్వీఆర్ గొప్పతనం తెలియాలంటే ముందు ఈ సినిమా చూడాలంటాను. ‘నర్తనశాల’ కీచకుడికి కిరీటం, నగలు, గ్రాంథిక సంభాషణలు తోడున్నాయి. కోటయ్యకు ఒళ్లూ గొంతూ తప్ప ఏమీ లేవు.

రెండేళ్లకు ‘మాయాబజార్’. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్న సన్నివేశాలు ఈసారి కాస్త జాగ్రత్తగా చూడండి. తెరమీద ఉన్నది సావిత్రి. కానీ ఎవరూ చూడటం లేదనుకోగానే ఆమె నడక బరువెక్కుతుంది, చూపులో రాక్షసుడి దర్పం వస్తుంది. మనకు కనిపించేది రంగారావే. తాను లేని సన్నివేశంలోనూ తన నడక గుర్తుపట్టించగలిగిన నటులు ఎందరున్నారు?

1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో–ఆసియా చలనచిత్రోత్సవంలో ‘నర్తనశాల’ కీచకుడికి ఉత్తమ నటుడి బహుమతి దక్కింది. ఆ నేలకు భారతకథ కొత్త కాదు. మనకు తోలుబొమ్మలాట ఎలాగో జావాలో వయాంగ్ అలాగ, అక్కడ ఘటోత్కచుడంటే జనానికి ప్రాణం. భారతాన్ని తరతరాలుగా ఆడుతున్న చోట భారతంలోని పాత్రకే మెప్పు పొందడం మామూలు సంగతి కాదు. మన దేశం మాత్రం ఆయన బతికుండగా ఒక్క పద్మ పురస్కారమైనా ఇవ్వలేదు. 1974లో, యాభై ఆరేళ్లకే వెళ్లిపోయారు. ఆ ఏటి ఫాల్కే పురస్కారం బి.ఎన్.కు వచ్చింది. తర్వాత 1986కు నాగిరెడ్డికీ వచ్చింది. ఒకే ఇంట అన్నదమ్ములిద్దరికి ఫాల్కే వస్తే ఆ జిల్లాలో వాళ్ల పేరు ఎంత గట్టిగా వినబడాలి?

అలా వినబడాలంటే ఒక చోటు కావాలి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టారు కాబట్టి ఉంది. అక్కడో, యోగి వేమన విశ్వవిద్యాలయంలోనో బి.ఎన్. సంస్థ వాహినీ, నాగిరెడ్డి విజయా చిత్రాలకు ఒక గది కావాలి. పాత ఇళ్ల అటకల మీద పాటల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, పోస్టర్లు చెదలుపట్టిపోతున్నాయి. వాటిని అడిగి తెచ్చుకోవాలి. టూరింగ్ టాకీసులు నడిపిన పెద్దలు చెప్పే కబుర్లు రికార్డు చేయాలి. బి.ఎన్. పుట్టినరోజు నవంబరు 16న పులివెందులలో ‘బంగారుపాప’ ఆడించి పని మొదలుపెట్టవచ్చు. జిల్లా యంత్రాంగం ముందుకొస్తే మంచిది. రాకపోతే కళాశాలల తెలుగు శాఖలు చాలు.