లండన్ నుంచి పారిస్‌కు ఎంతసేపు?

లండన్‌లోని హీత్రో, పారిస్‌లోని చార్లెస్ డిగాల్ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 348 కిలోమీటర్లు. హైదరాబాదు, విశాఖపట్నాల మధ్య దూరం కన్నా ఇది చాలా తక్కువ. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోగల జెట్ విమానానికి ఇది అరగంటలోపు పని అనిపిస్తుంది. టిక్కెట్టు చూస్తే మాత్రం లండన్‌లో ఉదయం 10 గంటలకు బయలుదేరే విమానం పారిస్ చేరేది 12.20కి అని కనిపించవచ్చు. తిరుగు ప్రయాణంలో 10 గంటలకు పారిస్‌లో బయలుదేరితే 10.20కే లండన్!

నిజానికి రెండు ప్రయాణాలకూ పట్టే కాలం దాదాపు ఒకటే, గంటా ఇరవై నిమిషాలు. అందులో విమానం గాలిలో ఉండేది గంటలోపే. విమానం తన స్థానం నుంచి కదిలినది మొదలు, గమ్యం చేరి నిలిచిపోయే వరకు గడిచే కాలమంతటినీ విమాన సంస్థలు లెక్కిస్తాయి. దీనికే బ్లాక్ టైమ్ అని పేరు. నేలమీద రన్‌వే దాకా సాగడం, ముందున్న విమానాల వెనుక వరుసలో ఆగడం కూడా ఇందులో చేరతాయి. హీత్రోకు ఉన్నవి రెండే రన్‌వేలు. రద్దీ వేళల్లో అక్కడ దిగవలసిన విమానాలు నగరం చుట్టూ నిర్ణీతమైన నాలుగు చోట్ల ఆకాశంలోనే చుట్లు తిరుగుతూ తమ వంతు కోసం వేచి ఉంటాయి. పైగా ఇంత దగ్గరి ప్రయాణంలో విమానం పూర్తి వేగం అందుకొని ఎంతోసేపు కాకముందే దిగడం ఆరంభించాలి. 1919 ఆగస్టు 25న ఈ నగరాల మధ్య దినసరి విమాన సర్వీసు మొదలైననాడు, ఒకే ఒక ప్రయాణికునితో వెళ్లిన ఆ చిన్న విమానానికి సుమారు రెండున్నర గంటలు పట్టినది.

ఇక టిక్కెట్టులో అదనంగా కనిపించే గంట కేవలం గడియారాల తేడా. సూర్యుని లెక్కన పారిస్ గ్రీనిచ్ కన్నా 9 నిమిషాల 21 సెకన్లు మాత్రమే ముందు. 1911లో ఫ్రాన్సు గ్రీనిచ్ కాలాన్నే అనుసరించ నిశ్చయించినది. కాని చట్టంలో గ్రీనిచ్ పేరెత్తకుండా, పారిస్ కాలానికి 9 నిమిషాల 21 సెకన్లు తగ్గించినదని రాసుకున్నది. స్వాభిమానం అటువంటిది! 1940లో జర్మన్ సేనలు పారిస్‌ను ఆక్రమించి అక్కడి గడియారాలను తమ దేశ కాలానికి తిప్పాయి. యుద్ధం ముగిశాక సేనలు పోయినా ఆ గంట పోలేదు. వేసవి కాలమానానికి రెండు దేశాలూ ఒకే క్షణాన మారతాయి గనుక ఈ తేడా ఏడాది పొడవునా నిలుస్తుంది.

దేశమంతటికీ ఒకే గడియారం ఉన్న మనకు ఇది అలవాటు లేని సంగతి. విదేశాలలోని పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించవలసినది. హైదరాబాదు నుంచి లండన్ మీదుగా పారిస్ చేరి, మధ్యాహ్నం 1.30కి టూలూజ్ విమానం ఎక్కవలసి ఉన్నదనుకుందాము. దిగేసరికి చేతి గడియారంలో లండన్ కాలం 11.20. ఇంకా రెండు గంటల పది నిమిషాల వ్యవధి ఉన్నదని నింపాదిగా కూర్చోవచ్చు. పారిస్‌లో అప్పటికే 12.20! మిగిలిన గంటా పది నిమిషాలలోనే పాస్‌పోర్టు తనిఖీ, భద్రతా తనిఖీ, అవసరమైతే మరో టెర్మినల్‌కు ప్రయాణం ముగియాలి. విమానం తలుపులు మూసేది 1.30 కన్నా ముందే. టిక్కెట్టు మీది వేళలన్నీ ఏ ఊరివి ఆ ఊరి కాలంలోనే ఉంటాయి. అందుచేత గడియారాన్ని విమానంలో ఉండగానే మార్చుకొని, వ్యవధిని అప్పుడు లెక్కించుకోవాలి.