మాత్రల లెక్క

"మందులు వేసుకుంటున్నారా?" అని అడిగితే "లేదండీ" అని ఒప్పుకున్న రోగిని మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. అందులోనూ మా బావగారు!

బావగారిది నాగోలు. రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. నాలుగు నెలల కిందట ఆయనకు గుండెపోటు వచ్చింది. సమయానికి ఆస్పత్రికి చేర్చారు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేసి, వారం తిరక్కుండా ఇంటికి పంపారు. మందుల చీటీలో ఐదు రకాలు.

మొన్న ఆదివారం, 21వ తేదీన, చూసి వద్దామని వెళ్ళాను. అక్కయ్య కాఫీ చేతికిచ్చి, రక్తపరీక్ష కాగితం ముందు పెట్టింది. కొలెస్టరాల్ తగ్గవలసినంత తగ్గలేదు.

"రేపు డాక్టరుగారికి చూపించాలి తమ్ముడూ. మోతాదు పెంచుతారేమో" అంది దిగులుగా.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా, బావగారూ?" అన్నాను.

"భేషుగ్గా!" అన్నారాయన, పేపరు దించకుండానే.

నేను మరి మాట్లాడక మందుల డబ్బా తెరిచాను. దుకాణం బిల్లు అందులోనే వుంది. ఒకటో తేదీన రకానికి 30 చొప్పున కొన్నారు. పొద్దున్నే వేసుకునే ఆస్పిరిన్ 9 మిగిలాయి. సరే, 21 రోజులకు 21 ఖర్చు. రాత్రి వేసుకునే కొలెస్టరాల్ మాత్ర సంగతి చూశాను. 20 రాత్రులు గడిచాయి కనుక 10 మిగలాలి. షీటుల్లో 18 వున్నాయి! అంటే 20 రాత్రుల్లో ఎనిమిది రాత్రులు మందు లేదు.

బావగారు అబద్ధం చెప్పారంటారా? అనను. ఆయన లెక్కలో ఆయన వేసుకుంటూనే వున్నారు. భోంచేసి, టీవీ ముందు కూర్చుని, అలాగే కునుకు తీస్తారు. మాత్ర వంటింటి అలమరలో వుండిపోతుంది. పైగా పొద్దున్న నడకలో ఎవరో "ఆ మాత్రతో కాళ్ళు పీకుతాయండీ" అన్నారట. ఆ రోజునుంచి కాళ్ళు పీకడం మొదలైంది!

ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, ఆ కాగితం చూసి డాక్టరుగారు మందు చాలడం లేదనుకుంటారు. వేసుకోని మందుకు మోతాదు పెంచుతారు. జబ్బును కొలిచాం, రక్తాన్ని కొలిచాం. మందు నోట్లోకి వెళ్ళిందా లేదా అన్నది మాత్రం ఎవరూ కొలవలేదు.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. మన దేశంలో 89 ఆస్పత్రులలో 20,468 మంది గుండెరోగులను పరిశీలించి, ఆ వివరాలను 2008లో ప్రచురించారు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం గుండెపోటుతో వచ్చినవారిలో నూటికి 98 మందికి రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ఆస్పత్రిలో అందింది. మెచ్చుకోవలసిందే. మరి ఇంటికి వెళ్ళాక? 17 దేశాలలో జరిగిన మరో పరిశోధన 2011లో వెలువడింది. గుండెజబ్బో, పక్షవాతమో వచ్చి కొన్నేళ్ళయిన వారిని అడిగి చూశారు. సంపన్న దేశాలలో నూటికి 62 మంది ఆ మందు వాడుతున్నారు. మన దేశం చేరిన తక్కువ ఆదాయపు దేశాల జట్టులో తొమ్మిదిమంది కూడా లేరు! రెండు లెక్కలూ ఒకే రోగులవి కావు, నిజమే. అయినా ఆస్పత్రి గడపకూ, ఇంటి గడపకూ మధ్య మాత్రలు ఎక్కడో జారిపోతున్నాయని తెలుస్తూనే వుంది. కొందరికి డబ్బు చాలదు, కొందరికి చీటీయే వుండదు, కొందరికి బావగారిలా కునుకు పడుతుంది.

కొలిచే పద్ధతులు చాలా వున్నాయి. అడగడం అన్నిటికంటె సులువు, నమ్మకం తక్కువ. మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం మరొకటి. దుకాణంలో మళ్ళీ ఎప్పుడు కొన్నారో చూడడం ఇంకొకటి. నెలకు 30 రోజుల్లో 24 రోజులకైనా మందు చేతిలో వుంటే క్రమంగా వాడుతున్నట్లు సాధారణంగా ఎంచుతారు. మూత తీసినప్పుడల్లా వేళ నమోదు చేసే సీసాలు కూడా వున్నాయి. కాని మూత తీసినవారు మింగారని ఏమిటి?

మాత్రలు ఎక్కువైనకొద్దీ మరుపూ ఎక్కువే గనుక, నాలుగు మందులను ఒకే మాత్రలో కూర్చి చూశారు. ఆ మాత్రను తయారుచేసింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారే. భారతదేశంలోనూ, యూరప్‌లోనూ కలిపి 2,004 మందిపై జరిగిన ఈ పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఒకే మాత్ర ఇచ్చినవారిలో నూటికి 86 మంది, మామూలుగా విడివిడి మందులు వాడినవారిలో 65 మంది క్రమం తప్పలేదన్నారు. రక్తపు పోటు, కొలెస్టరాల్ మాత్రం కొద్దిగానే తగ్గాయి. ఆ క్రమం సంగతి కూడా రోగులు చెప్పిన మాటే సుమండీ! 2023లో ఇలాంటి మాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మళ్ళీ నాగోలుకు వద్దాం. 18 మాత్రలూ ముందు పరిస్తే, బావగారు పేపరు దించారు. అక్కయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మందలించకు అక్కా, మందలిస్తే వచ్చే నెల మాత్రలు చెత్తబుట్టలో దొరుకుతాయి" అన్నాను. అప్పుడే ఏడు గళ్ళ ప్లాస్టిక్ పెట్టె తెప్పించి, రాత్రి మాత్రలు వారానికి సరిపడా సర్ది, టీవీ పక్కనే పెట్టాం.

మర్నాడు బావగారే డాక్టరుగారితో ఉన్నదున్నట్లు చెప్పారట. ఆయన మోతాదు పెంచలేదు. కాళ్ళ పీకుడు నిజమైతే మరో మందు చూద్దాం, ముందు దీన్ని రోజూ వేసుకోండి అన్నారు. స్టెంటు వేసినవారు రక్తం గడ్డకట్టనివ్వని మాత్రలు తమంతట తాము ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చని కూడా హెచ్చరించారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా వుంటే, ఈ ఆదివారం ఒక్కసారి లెక్కపెట్టండి. తేడా వస్తే కోప్పడకండి. ఎందుకు తేడా వచ్చిందో అడగండి. ఆ అంకెను చీటీమీద రాసి డాక్టరుగారికి చూపండి.

నిన్న రాత్రి ఫోను చేశాను. "ఇవాళ్టి గడి ఖాళీయేనోయ్" అన్నారు బావగారు. వెనకనుంచి అక్కయ్య గొంతు: "నేనూ చూశాను తమ్ముడూ!"