పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?

రంగులు మారే అలంకార దీపం ఒకటి ఇంట్లో స్వయంగా తయారు చేస్తున్నానని చెబితే చాలు, మన పెద్దమనుషుల నోట మొదట వచ్చే మాట "బజారులో దొరుకుతుంది కదండీ!" అని. అందులో మైక్రోకంట్రోలరు వాడుతున్నానంటే రెండో మాట సిద్ధంగా ఉంటుంది: "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం దేనికండీ?" ఈ రెండూ లోకజ్ఞానం వేషం కట్టిన సోమరితనమని నా అభియోగం. వీటివల్ల నష్టపోయేది నా దీపం కాదు, మన పిల్లల చదువు. ఈ టపాలో ఇంత కోపం అందుకే.

ముందుగా ఆ పిచ్చుక సంగతే చూద్దాం. బజారులో రెండే కాళ్ళున్న ఎల్‌ఈడీ ఒకటి దొరుకుతుంది. కరెంటు అందితే తనంతట తానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంటూ రంగులు మారుస్తుంది. ఎలా? ఆ బుడిపెలోనే ఒక చిన్న చిప్పు దాగి ఉన్నది కనుక. అంటే బ్రహ్మాస్త్రం అక్కడా ఉన్నట్టే గదా! తేడా ఒక్కటే. దాని మంత్రాన్ని ఎవరో, ఎక్కడో ముందే చదివేసి పంపారు. ఏ రంగు ఎంతసేపు నిలవాలో చెప్పే అధికారం కొన్నవాడికి లేదు. పండుగనాడు కుంకుమ వన్నె, పడుకునే వేళ వెన్నెల వన్నె కావాలంటే ఆ దీపం వినదు.

నేను వాడినది ఏటీటైనీ85 అనే ఎనిమిది కాళ్ళ చిప్పు. ప్రోగ్రాము దాచుకోవడానికి 8 కిలోబైట్లు, పని చేస్తుండగా లెక్కలు వేసుకోవడానికి 512 బైట్లు, అంతే దాని ఆస్తి. దానికి తోడు మూడు రంగుల ఎల్‌ఈడీ ఒకటి, రెసిస్టర్లు మూడు, వెలుగును మెత్తబరచడానికి ఒక తెల్లని టేబుల్ టెన్నిస్ బంతి. హైదరాబాదు వాసులకు కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ఇందులో అస్త్రమేదో, ఆడంబరమేదో మీరే చెప్పండి.

ఇక ఇందులో ఉన్న చదువు ఎంతటిదో చూడండి. ఆ చిప్పు కాలికి తెలిసినవి రెండే: వెలిగించడం, ఆర్పడం. సగం వెలిగించడం దానికి రాదు. కనుక సెకనుకు కొన్ని వందల సార్లు వెలిగించి ఆర్పుతాము. వెలిగి ఉన్న కాలమెంత, ఆరి ఉన్న కాలమెంత అన్న నిష్పత్తిని మారిస్తే మన కన్ను దాన్ని ఎక్కువ తక్కువల వెలుగుగా గ్రహిస్తుంది. పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అనే పెద్ద పేరు వెనుక ఉన్నది ఇంతే. రంగుకు 256 మెట్ల చొప్పున మూడు రంగులకూ కలిపి 1,67,77,216 కలయికలు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 255లో సగం 128 కదా అని ఆ అంకె ఇస్తే సగం వెలుగు కనబడదు. ముప్పాతిక వెలుగులా కనబడుతుంది. కంటికి సగంగా తోచాలంటే సుమారు 56 ఇవ్వాలి. మసక వెలుగులోని చిన్న తేడాను కన్ను ఇట్టే పట్టేస్తుంది, ప్రకాశంలో అంతే తేడాను పట్టించుకోదు. ఒక అలంకార దీపం దగ్గర కూర్చుని మన కంటి స్వభావాన్నే నేర్చుకుంటున్నామన్నమాట. కొన్న దీపం ఈ పాఠం చెబుతుందా?

ఆ నీలిరంగునైనా చులకన చేయకండి. నిక్ హోలోన్యాక్ ఎర్రని ఎల్‌ఈడీని వెలిగించినది 1962లో. ప్రకాశవంతమైన నీలం కోసం లోకం 1990ల దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆ నీలాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. మనవాళ్ళు పిచ్చుక అంటున్నది దీన్ని!

"బజారులో దొరుకుతుంది కదా" అన్న మాట దీపం దగ్గర ఆగితే నేనూ ఊరుకుందును. అది కాలేజీ దాకా పాకింది. చివరి సంవత్సరం ప్రాజెక్టును డబ్బిచ్చి కొనుక్కుని, అట్ట వేయించి, సంతకం పెట్టించుకోవడం మనవాళ్ళకు రహస్యం కూడా కాదు. అలా పట్టా పుచ్చుకున్న కుర్రవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "మూడు రంగులకూ మూడు రెసిస్టర్లెందుకు నాయనా, ఒక్కటి చాలదా?" ఎరుపుకు సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి 3 పైచిలుకు కావాలి. ఒకే రెసిస్టరు పెడితే కరెంటునంతా ఎరుపే మింగేస్తుంది, నీలం వెలగదు. ఒక్క సాయంత్రం తన చేత్తో దీపం చేసినవాడికి ఇది కంఠస్థం చేయవలసిన పని లేదు.

భారతంలో అశ్వత్థామకు అస్త్రాన్ని ప్రయోగించడం వచ్చును, ఉపసంహరించడం రాదు. ఎక్కడినుంచో ప్రోగ్రామును ఎత్తి తెచ్చి, అది ఆగిపోతే ఎందుకు ఆగిందో చెప్పలేని ఇంజనీర్లను చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకొస్తాడు. ఇతరులు రాసిన ప్రోగ్రామును వాడకూడదని నేననను. ఇటలీలోని ఇవ్రియాలో 2005లో ఆర్డునో పుట్టినదే డిజైను విద్యార్థులకు ఈ పని సులువు కావాలని. సులువు చేయడం వేరు, తెలుసుకోనక్కరలేదనడం వేరు.

"555 టైమరు సరిపోదా" అనే పాత కాపులకూ ఒక మాట. మినుకు మినుకుమనడానికి సరిపోతుంది, కాదనను. కానీ రంగుల వరుస మార్చాలంటే మళ్ళీ టంకం వేయాలి. నేను ఒక పంక్తి మార్చుకుంటే చాలు.

కాబట్టి మిత్రులారా, మీ ఇంట్లో పిల్లో పిల్లవాడో రంగుల దీపం చేస్తానని డబ్బు అడిగితే దయచేసి బజారు దారి చూపకండి. ఆ ఎనిమిది కాళ్ళ చిప్పు కొనిపెట్టండి. ఒకటి రెండు ఎల్‌ఈడీలు మాడతాయి. మాడనివ్వండి.